జిమ్‌జిల్‌బాంగ్‌కి వెళ్తున్నారా? మెడలో గొలుసు తీసేయండి

కొరియాలో ఆవిరి, వేడిగదుల స్నానశాలకి మొదటిసారి వెళ్తుంటే నల్లపూసలు, గొలుసు, గాజులు లాకర్‌లోనే వదిలేయండి. వేడిగదిలో లోహం కాగి చర్మం చురుక్కుమంటుంది.

స్నానాల విభాగం ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరు. అక్కడ ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు, స్విమ్‌సూట్ కూడా కుదరదు. సిగ్గనిపిస్తే అది మానేసి, కౌంటర్‌లో ఇచ్చిన టీషర్టు, నిక్కరు వేసుకుని నేరుగా వేడిగదులుండే ఉమ్మడి హాల్లోకి వెళ్లిపోండి, ఎవరూ ఏమీ అనరు. తొట్టెలో దిగేవాళ్లు మాత్రం ముందు సబ్బుతో స్నానం చేసి, జుట్టు ముడేసుకోవాలి. ఒళ్లు రుద్దించుకోవాలంటే 20 నిమిషాలైనా వేడినీళ్లలో నానండి; లేకపోతే మట్టి ఊడదు, మంటే మిగులుతుంది.

వేడిగదిలో ఒక్కో విడతకి పది నిమిషాలు చాలు. బయటికొచ్చాక చల్లటి షిఖే తాగండి. బియ్యం, బార్లీ మొలకల పానీయం కాబట్టి శాకాహారులకీ ఇబ్బంది లేదు.