పరదేశపు దీవిలో మనవాళ్లు హఠాత్తుగా పోతే, పుకార్లకు అడ్డుకట్ట ఎలా వేయాలి

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవిలో ఒక హోటల్లో లెక్కలు చూస్తూ పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఈ కాలంలో ఇక్కడ స్థిరపడిన మనవాళ్లు ముగ్గురు ఉన్నట్టుండి చనిపోయారు. మూడుసార్లూ ఊరివాళ్లతో మాట్లాడే పని నామీదే పడింది. మొదటిసారి నాకు చేతకాలేదు. ఆయన గుండెపోటుతో పోయాడు. శవపేటిక ఊరు చేరేలోపే అప్పులవాళ్లు చంపించారని ఒక కథ, ఇక్కడ ఇంకో సంసారం ఉందని మరో కథ పుట్టాయి. ఆయన భార్య ఇప్పటికీ ఆ ఊళ్లో పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లదు. మరో ఇల్లాలికి ఆ గతి పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

విహార దీవిలో చావంటే సగం కథ ముందే సిద్ధంగా ఉంటుంది. ఫుకెట్ అనగానే ఊళ్లో అందరికీ గుర్తొచ్చేది పటాంగ్ వీధులు, మద్యం, అర్ధరాత్రి దీపాలు. ఇక్కడ పొద్దున్నే వంటగదిలో ఉల్లిపాయలు తరిగి, నెలాఖరుకు ఇంటికి డబ్బు పంపే మనిషి వాళ్ల ఊహకు అందడు. మీరు పోరాడవలసింది ఆ ఊహతోనే.

ముందు అత్యవసర పనులు. వైద్య సహాయానికి 1669, పర్యాటక పోలీసులకు 1155. చనిపోయారని వైద్యుడు చెప్పిన తరువాత బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయానికి తెలియజేయాలి. ఇంటివాళ్లకు తెలిసేదాకా ఎవరూ ఫొటో పెట్టి 'ఓం శాంతి' అని రాయకుండా చూడండి. తెలిసినవాళ్లందరికీ స్వయంగా ఫోన్ చేసి బతిమాలండి, సిగ్గుపడకండి. కబురు ఇంటివాళ్లకు, వాళ్ల దగ్గర కూర్చోగలిగిన బంధువు నోట చేరాలి. అప్పటినుంచి ఇక్కడ ఒక్కరు, అక్కడ ఒక్కరు మాత్రమే మాట్లాడాలి. నలుగురు ఫోన్లు చేస్తే నాలుగు చావులు అవుతాయి.

ఇక అసలు పని. ఒక నోటుపుస్తకం కొనండి. పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు 'చూసింది', కుడివైపు 'విన్నది' అని రాయండి. చూసిన మనిషి నోటితో చెప్పినదే ఎడమవైపుకు వెళ్లాలి. పక్కన ఆ మనిషి ఎవరో, ఏ రోజు ఏ వేళకు మీతో చెప్పారో రాయండి. చిన్న విషయమని వదలకండి. రెండేళ్ల క్రితం గోదావరి జిల్లా కుర్రవాడు, ఇక్కడ వంటవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు, పోయినప్పుడు నేను రాసిన మొదటి వాక్యం ఇది: 'ఇంటి యజమానురాలు చూసింది. రాత్రి ఎనిమిదిన్నరకు కిందికి వచ్చి గుండెల్లో మంటగా ఉందన్నాడు. ఆమె ఇచ్చిన అన్నం జావ సగం తిన్నాడు.' ఆ పూట అది ఎందుకు రాశానో నాకే తెలియదు.

గంటలు రాసేటప్పుడు ఏ దేశపు గంటో తప్పకుండా రాయండి. థాయ్‌లాండ్ మనకంటే గంటన్నర ముందుంటుంది. ఆ తమ్ముడు రాత్రి 12.10కి కుప్పకూలాడని గదిలో ఉన్న స్నేహితుడు చెప్పాడు. ఊళ్లోవాళ్ల ఫోన్లలో మాత్రం అతడు చివరగా కనిపించింది రాత్రి 10.20కి. 'మధ్యలో గంటా యాభై నిమిషాలు ఏం జరిగింది? వాడి ఫోను ఎవరు లాక్కున్నారు?' అని తెల్లారేసరికి ఊరంతా ఇదే మాట. మన 10.20 అంటే ఇక్కడ 11.50. మధ్యలో ఉన్నది ఇరవై నిమిషాలే. రెండు వరుసల్లో రెండు దేశాల గంటలు రాసి ఆ పేజీ ఫొటో పంపాను. ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

కాగితాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇక్కడి మరణ ధ్రువపత్రాన్ని 'మొరణబత్' అంటారు. మన 'మరణ' శబ్దమే అందులో ఉంది. దానిపై సంవత్సరం బౌద్ధ శకంలో ఉంటుంది, మన లెక్కకు 543 ఎక్కువ. 2024కు బదులు 2567 కనిపించగానే దొంగ కాగితమని ఒక పెద్దమనిషి తేల్చేశాడు. పేర్లదీ ఇదే చిక్కు. పాస్‌పోర్టులోని పేరును థాయ్ లిపిలోకి, అక్కడినుంచి తిరిగి ఇంగ్లీషులోకి మార్చితే అక్షరాలు మారిపోతాయి. వెంకటలోని 'వి' పోయి 'డబ్ల్యూ' వస్తుంది. అనువాదం చేయించేటప్పుడు పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఊరికి పంపే కాగితం మీద తేదీ మన లెక్కలో ఎంతో మీరే రాసి పంపండి.

పోలీసులు వచ్చారంటే నేరం జరిగిందని కాదు. థాయ్ నేర విచారణ స్మృతి 148వ సెక్షన్ ప్రకారం, ప్రమాదంలో పోయినా, కారణం తెలియకుండా పోయినా పోలీసులు, వైద్యుడు కలిసి శవపరీక్ష చేయవలసిందే. మన దగ్గర ఇలాంటి మరణాల విచారణకు నిన్నటిదాకా నేర విచారణ స్మృతిలో 174వ సెక్షన్ ఉండేది, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. ఆ సెక్షన్ కింద నమోదు కాగానే మన పత్రికల్లో 'అనుమానాస్పద మృతి' అని వస్తుంది. చట్టానికి అది కారణం ఇంకా తేలలేదన్న మాట. చదివేవాళ్లకు ఎవరో చంపారన్న మాట. స్థానిక విలేకరి ఫోన్ చేస్తే 'కారణం తెలియవలసి ఉంది' అని రాయమని అడగండి. నేను అడిగాను, ఒకాయన రాశారు కూడా.

ఆస్ట్రేలియా క్రికెటర్ షేన్ వార్న్ ఉదంతం చెబితే మనవాళ్లకు త్వరగా అర్థమవుతుంది. 2022 మార్చి 4న ఇదే దేశంలోని కో సముయ్ దీవిలోని విల్లాలో ఆయన చనిపోయాడు. వయసు 52. గదిలో నేలమీద, తువ్వాళ్ల మీద రక్తం ఉందన్న వార్త రాగానే ఎన్ని ఊహాగానాలో! గుండె తిరిగి కొట్టుకోవాలని స్నేహితులు ఛాతీ మీద నొక్కినప్పుడు వచ్చిన రక్తమని పోలీసులు చెప్పారు. సూరత్ థానీలో శవపరీక్ష జరిగి, మార్చి 7న సహజ మరణమని ప్రకటించారు. మధ్యలో ఉన్నది మూడు రోజులే. పుకారుకు ఆ మూడు రోజులు చాలు.

శరీరం గురించి పేటిక తెరవకముందే చెప్పాలి. ఇది కష్టమైన మాటే అయినా దాటవేయకండి. రక్తప్రసరణ ఆగాక రక్తం కిందివైపు చేరి, వీపు మీద, తొడల వెనక ఊదారంగు మచ్చలు పడతాయి. చూసినవాళ్లు కొట్టిన దెబ్బలనుకుంటారు. శవపరీక్ష కుట్లు భుజాల నుంచి పొట్టదాకా ఉంటాయి, తల వెనక కూడా ఉంటాయి. వాటిని చూసి కిడ్నీలు తీసేశారని గోల చేయడం మన పల్లెల్లో కొత్త కాదు. చనిపోయి గంటలు గడిచిన శరీరం నుంచి తీసిన కిడ్నీ ఎవరికీ అమర్చడానికి పనికిరాదని ముందే చెప్పండి. తండ్రితోనో, అన్నతోనో, తట్టుకోగలిగినవాళ్లతో, నెమ్మదిగా చెప్పండి.

ఇంత చెప్పానని ఇంటివాళ్ల అనుమానాన్ని నొక్కేయమనడం లేదు. పుకారు వేరు, అనుమానం వేరు. తల్లికి నిజంగా అనుమానం ఉంటే దానికి దారి చూపించాలి. శరీరం పాడవకుండా మందు ఎక్కించకముందే రక్త నమూనాలు తీశారో లేదో అడగాలి, ఆ తరువాత విషపరీక్షలు సరిగా తేలవు. ఇక్కడే దహనం చేయడానికి తొందరపడి సంతకం పెట్టవద్దని చెప్పాలి. పోలీసులకు, రాయబార కార్యాలయానికి అనుమానమేమిటో లిఖితపూర్వకంగా ఇవ్వాలి. మొదట రాసిన కారణం, పరీక్షల ఫలితాలు వచ్చాక రాసిన కారణం వేరుగా ఉండవచ్చు. అది మోసమని ఎవరైనా అంటే మీ పుస్తకంలో రెండు కాగితాల తేదీలూ చూపించండి.

ఫోన్ చేసి కూపీ లాగేవాళ్లకు నేను ఒకే మాట చెబుతాను: 'నాకు తెలిసింది ఇంటివాళ్లకు చెప్పానండీ. మీరు చూసినదేమైనా ఉంటే చెప్పండి, రాసుకుంటాను.' చాలామంది అక్కడితో పెట్టేస్తారు. కోపగించుకుంటే మాత్రం 'ఏదో దాస్తోంది' అని మరో కథ మొదలవుతుంది.

పదమూడో రోజు తరువాత నేను సెలవు మీద వెళ్లి ఆ తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. వాళ్ల నాన్నగారికి పుస్తకం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పేజీలన్నీ తిప్పారు. పోలీసుల గురించి అడగలేదు, మచ్చల గురించి అడగలేదు. 'ఆ రాత్రి అన్నం తిన్నాడా అమ్మా?' అని అడిగారు. మొదటి పేజీ తీసి చూపించాను.