పాత స్పోర్ట్స్ కారు, సొంత సర్వీసింగ్ – 5వ పాఠం: టాపెట్ల చప్పుడు, రాకర్ అడుగున దాగిన అరుగుదల

గత పాఠంతో ఆయిలు, ఫిల్టరు, ప్లగ్గులు, పాయింట్లు అయిపోయాయి. ఇప్పుడు ఇంజను పైనున్న హెడ్ కవర్ విప్పుదాం. దాని కింద ఉండేవి రాకర్లు, అంటే వాల్వులను నొక్కి తెరిచే మీటలు. రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు సరిచేయడాన్నే టాపెట్ సెట్టింగ్ అంటాం. మేజర్ సర్వీసింగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఇంజను ఇన్నేళ్లూ ఎలా బతికిందో కవర్ కింద కళ్లకు కనిపిస్తుంది.

మన ఉదాహరణ కారు మొదటినుంచీ ఎంజీబీయే కదా. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన కారు, 1798 సీసీ ఇంజను. అది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ ఇంజను. మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఆ కుటుంబంలోదే. అందుకే గాజువాక ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజన్లు విప్పి బిగించిన పాత మేస్త్రి ఎవరైనా దొరికితే వదలకండి. ఆయన ఎంజీబీని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు, కానీ హెడ్ కవర్ తీయగానే లోపల ఏది ఏమిటో చెప్పేస్తారు. అలాగని అంబాసిడర్ సామాను కొలవకుండా తెచ్చి ఇందులో వేసేయకండి. కుటుంబం ఒకటే అయినా కొలతలు అన్నిచోట్లా ఒకటి కావు.

ముందు టాపెట్ సెట్టింగ్

ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. రాత్రి ఆపిన బండిని పొద్దున్నే పట్టుకుంటే మంచిది. విశాఖలో మే నెల మధ్యాహ్నం పోర్టికోలో నిలిపిన బండి ఇంజను చల్లగా ఉందనుకోవడానికి లేదు. ప్లగ్గులు నాలుగూ తీసేయండి, అప్పుడు ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. చదునైన నేల మీద నాలుగో గేరులో వేసి బండిని కొద్దికొద్దిగా ముందుకు నెడితే చాలు, క్రాంకు తిరుగుతుంది. హెడ్ కవర్‌కి ఉండేవి రెండే నట్లు. కవర్ తీసేముందు చుట్టూ గుడ్డతో తుడవండి, పైనున్న ఇసుక లోపల పడకూడదు. బీచ్ రోడ్డు దగ్గర్లో ఉండేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి.

రేడియేటర్ వైపు నుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోండి. 1, 4, 5, 8 ఎగ్జాస్ట్. 2, 3, 6, 7 ఇన్‌లెట్. గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒక్కటే: మొత్తం 9 రావాలి. 8వ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని ఉన్నప్పుడు 1వ దాన్ని సెట్ చేయాలి. 6వది నొక్కుకుని ఉంటే 3వది, 4వది నొక్కుకుని ఉంటే 5వది. క్రాంకును ఒకే దిశలో తిప్పుతూ వెళ్తే 1, 3, 5, 2, 8, 6, 4, 7 వరసలో పని పూర్తవుతుంది, వెనక్కి తిప్పే పని పడదు.

రాకర్ కొసకీ వాల్వు కాడకీ మధ్య గ్యాప్ 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు. మన షాపుల్లో దొరికే ఫిల్లర్ గేజ్‌లో (సందు కొలిచే రేకుల కట్ట) 0.38 రేకు లేకపోతే 0.20, 0.18 రేకులు కలిపి వాడుకోండి, వాటి మధ్య ఆయిలు తుడిచేసి. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ డ్రైవర్‌తో స్క్రూ తిప్పి, రేకు కాస్త పట్టుకుంటూ జారేలా చూసి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే నట్టు బిగిసేటప్పుడు స్క్రూ కొంచెం తిరుగుతుంది. చేయి తిరిగేదాకా ఇది విసుగ్గానే ఉంటుంది. రెండో సర్వీసింగ్‌కి అలవాటైపోతుంది.

ఇక్కడిదాకా ఏ మాన్యువల్‌లోనైనా ఉంటుంది. అసలు పాఠం ఇప్పుడు మొదలవుతుంది.

గ్యాప్ సరిగ్గా ఉంది, చప్పుడు మాత్రం పోలేదు

లాసన్స్ బే కాలనీలో నా మిత్రుడి ఎంజీబీ ఉంది, 1960ల చివరి మోడల్. ఎనిమిది వాల్వులూ 0.38కి సెట్ చేశాం, ఒకటికి రెండుసార్లు చూశాం. స్టార్ట్ చేస్తే అవే టిక్కు టిక్కులు. చాలామంది ఈ దశలో ఇంకో పావు తిప్పు బిగించి చప్పుడు ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను. మేం ఆటోనగర్ నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిచాం. ఆయన గేజ్ ముట్టుకోలేదు. టార్చి అడిగి, రాకర్ల మీదికి వంగి, "స్క్రూ ఎంత తిప్పినా ఏటవుద్ది బాబూ, ముందు రాకర్ మూతి చూడండి" అన్నారు.

రాకర్ మూతి అంటే వాల్వు కాడను నొక్కే కొస. కొత్తప్పుడు అది నున్నగా, కొంచెం వంపుగా ఉంటుంది. లక్షలసార్లు నొక్కీ నొక్కీ, వాల్వు కాడ వెడల్పు ఎంతో సరిగ్గా అంత మేరకు అక్కడ గుంత పడుతుంది. అంచులు మాత్రం అరగవు. ఫిల్లర్ గేజ్ రేకు వాల్వు కాడకన్నా వెడల్పు. అది గుంతలోకి దిగదు, రోడ్డు మీది గోతికి అడ్డంగా పలక వేసినట్టు రెండు అంచుల మీదా కూర్చుంటుంది. గుంత లోతు 0.10 మిల్లీమీటర్లు అనుకోండి. రేకు 0.38 అని చెబుతుంది, నిజంగా ఉన్న గ్యాప్ 0.48. చప్పుడు ఎలా పోతుంది?

దీన్ని పట్టుకోవడానికి టార్చి వెలుతురు పై నుంచి కాకుండా పక్క నుంచి ఏటవాలుగా పడాలి. అప్పుడు గుంత అంచు నీడ గీతలా కనిపిస్తుంది. ఆ రోజు 3వ రాకర్ దగ్గర ఆ గీత స్పష్టంగా ఉంది, 6వ దాని దగ్గర సన్నగా ఉంది, మిగతావి నున్నగానే ఉన్నాయి. గుంత మరీ లోతు కాకపోతే పాత రేకును గుంతలో పట్టేంత సన్నగా కత్తిరించి, అంచులు నునుపు చేసి, దానితో కొలిస్తే నిజమైన గ్యాప్ తెలుస్తుంది. డయల్ గేజ్ ఉంటే ఇంకా మేలు: వాల్వు వైపు రాకర్ కొస మీద దాని సూది ఆనించి, రాకర్‌ని వేలితో పైకీ కిందికీ ఆడించి, ఎంత కదిలిందో చదవండి. ఇలా సెట్ చేసుకుని కొన్నాళ్లు నడపొచ్చు. లోతుగా ఉంటే మాత్రం రాకర్ మూతిని గ్రైండ్ చేయించాలి, లేదా రాకర్ మార్చాలి. చేతి గ్రైండర్ మీద మాత్రం పెట్టకండి. వంపు పోతే వాల్వు గైడు పక్కకు అరుగుతుంది.

షాఫ్ట్ అడుగు భాగం

ఒక రాకర్ మూతి అరిగిందంటే మిగతా చోట్ల కూడా వెతకాలి. ప్రతి రాకర్‌నీ వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. అది షాఫ్ట్ (రాకర్లన్నిటినీ గుచ్చిన కడ్డీ) మీద తిరగాలే కానీ లేవకూడదు. లేచి టక్కుమంటే బుష్ (రాకర్ బెజ్జం లోపలి గొట్టం) అయినా, షాఫ్ట్ అయినా, రెండూ అయినా అరిగినట్టు.

పై నుంచి చూస్తే రాకర్ షాఫ్ట్ కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని అనుమానించరు. రాకర్‌కి ఒక చివర పుష్‌రాడ్ (కింది టాపెట్ మీద నిలబడే సన్న కడ్డీ) కింది నుంచి పైకి తోస్తుంది, రెండో చివర వాల్వు స్ప్రింగు కూడా పైకే తోస్తుంది. అంటే రాకర్ ఎప్పుడూ షాఫ్ట్‌ని కింది నుంచి పైకి ఒత్తుతుంది. షాఫ్ట్ తిరగకుండా లొకేటింగ్ స్క్రూ పట్టుకుని ఉంటుంది కాబట్టి అరుగుదలంతా ఎప్పుడూ ఒకే చోట, అడుగు భాగంలో పడుతుంది. విప్పి తిప్పేదాకా కనబడదు.

విప్పే ముందు ఒక ముఖ్యమైన సంగతి. రాకర్ పెడెస్టల్స్ (షాఫ్ట్‌ని మోసే దిమ్మెలు) ఎనిమిది నట్లలో నాలుగు హెడ్‌ని కూడా పట్టుకుని ఉంటాయి. ఆ నాలుగూ విప్పేసి, బయటున్న మిగతా ఏడు హెడ్ నట్లు బిగువుగా వదిలేస్తే హెడ్ ఒక పక్కకు లాగి వంకర పోవచ్చు, నీళ్లు సిలిండర్లలోకో, ఇంజను అడుగున ఆయిలు ఉండే సంపులోకో దిగవచ్చు. కాబట్టి ముందు రేడియేటర్ నీళ్లు తీసేయండి. తర్వాత పదకొండు హెడ్ నట్లూ, మిగిలిన నాలుగు పెడెస్టల్ నట్లూ మాన్యువల్‌లోని వరసలో కొద్దికొద్దిగా వదులు చేయండి. కొత్త హెడ్ గాస్కెట్ ఇంట్లో పెట్టుకునే ఈ పనికి దిగండి. చాలాసార్లు అవసరం పడదు. అవసరం పడినరోజు మన దగ్గర దొరకదు, తెప్పించేదాకా బండి విప్పిన స్థితిలోనే ఉండిపోతుంది.

షాఫ్ట్ ఎత్తాక పుష్‌రాడ్లు తీసేటప్పుడు ఒక్కొక్కదాన్నీ కాస్త తిప్పి, కింది టాపెట్ నుంచి విడిపించి తీయండి. నేరుగా లాగితే ఆయిలు పట్టుకి టాపెట్ కూడా లేచి వస్తుంది. అట్టముక్కకు ఎనిమిది బెజ్జాలు పెట్టి అంకెలు వేసి వాటిలో గుచ్చండి. ఏది ఎక్కడిదో అక్కడికే వెళ్లాలి.

ఇప్పుడు షాఫ్ట్‌ని తిప్పి పట్టుకుని అడుగున గోరు పెట్టి పొడవునా జరపండి. రాకర్ ఉన్న చోటుకి రాగానే గోరు చిన్న మెట్టు దిగినట్టు అనిపిస్తే షాఫ్ట్ మార్చాల్సిందే. కొత్త షాఫ్ట్ మందం 15.85 నుంచి 15.87 మిల్లీమీటర్లు. మైక్రోమీటరుతో అరగని చోట ఒకసారి, గాడి దగ్గర నిలువుగా ఒకసారి కొలవండి. మిత్రుడి బండిలో 3వ, 6వ రాకర్ల కింద గాడులు గోరుకి తగిలాయి, ఆ రెండు బుష్‌లు కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. కొత్త షాఫ్ట్ వేసి పాత బుష్‌లే ఉంచితే సగం పని చేసినట్టే. బుష్ నొక్కించి, ఆయిలు బెజ్జం వేయించి, రీమర్ పట్టించడం మాత్రం మంచి లేత్ షాపు పని, ఇంట్లో చేసేది కాదు.

ఎందుకు అరిగింది? షాఫ్ట్ లోపల బోలు, దానిగుండానే రాకర్లకు ఆయిలు వెళ్తుంది. చివరి ప్లగ్ విప్పితే లోపల నల్లటి జిగురు కనిపించింది, రెండు బెజ్జాలు దాదాపు మూసుకుపోయాయి. దీనికి మన ఊరి వాడకం కూడా ఒక కారణం. సిరిపురం నుంచి ఆర్కే బీచ్ దాకా వెళ్లి కాఫీ తాగి వచ్చేస్తే ఆయిలు పూర్తిగా వేడెక్కదు. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. అది ఇంజను లోపల నీరై ఆయిల్లో కలిసి, మూత కింద తెల్లటి మీగడలా పేరుకుంటుంది. ఆయిల్ మూత తీసినప్పుడు అలాంటిది కనబడితే, ముందు రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నాయేమో చూసుకోండి. తగ్గకపోతే బండిని భీమిలి దాకా తీసుకెళ్లండి. కారు కొన్నది కవర్ కింద దాచడానికి కాదు కదా.

తిరిగి బిగించేటప్పుడు హెడ్ నట్లకు 45 నుంచి 50 పౌండు అడుగులు, మిగతా నాలుగు పెడెస్టల్ నట్లకు 25. వరస ప్రకారం, రెండు మూడు విడతల్లో. ఆ తర్వాత ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ కొట్టి, రాకర్ల మీదికి ఆయిలు ఊరిందని కళ్లతో చూశాకే స్టార్ట్ చేయండి.

గ్యాప్ పెరుగుతోందా, తగ్గుతోందా

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. సెట్ చేయడానికి ముందు ఎనిమిది వాల్వుల గ్యాప్ ఎంతుందో రాసుకోండి. సెట్ చేశాక అన్నీ 0.38 అవుతాయి, అందులో తెలిసేదేమీ లేదు. ముందు ఎంత ఉందన్నదే మనకు కావాలి.

ఒకే వాల్వు గ్యాప్ సర్వీసింగ్ సర్వీసింగ్‌కీ పెరిగిపోతుంటే, రాకర్ బాగానే ఉంటే, కింద క్యామ్‌షాఫ్ట్ మీది లోబ్ (టాపెట్‌ని ఎత్తే ఉబ్బు) గానీ టాపెట్ గానీ అరుగుతున్నట్టు. డయల్ గేజ్‌తో ఆ వాల్వు ఎంత దిగుతోందో కొలిచి పక్క వాల్వుతో పోల్చండి, తేడా ఉంటే అనుమానం తీరిపోతుంది. ఈ పాత టాపెట్లకు జింకు సరిపడా ఉన్న ఆయిలు కావాలి. ఇప్పటి కార్ల కోసం చేసిన చాలా ఆయిళ్లలో జింకు తగ్గించారు, అందుకని డబ్బా మీద పాత ఇంజన్లకు అని ఉన్నదే వాడండి.

గ్యాప్ తగ్గిపోతుంటే ఎక్కువ జాగ్రత్త పడాలి. మన దేశంలో 2000లో లెడ్ కలిపిన పెట్రోలు పోయింది. ఈ ఇంజను పోత ఇనుప హెడ్‌లోని ఎగ్జాస్ట్ సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) ఆ లెడ్ ఉన్న రోజుల కోసం తయారైనవి. లెడ్ లేకుండా వేగంగా, బరువుగా నడిపితే వాల్వు నెమ్మదిగా సీట్లోకి కుంగుతుంది, గ్యాప్ మూసుకుపోతుంది. అప్పుడు చప్పుడు రాదు, ఇంజను ఇంకా మెత్తగా నడుస్తున్నట్టు ఉంటుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోక, వేడి వదలక కాలిపోతుంది. చప్పుడు ఆపడానికి పావు తిప్పు బిగించొద్దన్నది ఇందుకే. బిగించామంటే సీటు కుంగకముందే ఆ పరిస్థితి మనం తెచ్చిపెట్టినట్టు. 1, 4, 5, 8 అంకెల్లో తగ్గుదల కనిపిస్తుంటే హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్ ఇన్‌సర్టులు వేయించండి.

వచ్చే పాఠం లోపు చేయాల్సింది: హెడ్ కవర్ తీసి, ఏదీ విప్పకుండా ఎనిమిది గ్యాప్‌లు కొలిచి రాయండి. ఎనిమిది మూతుల మీద పక్క నుంచి టార్చి వేసి, గీత కనిపించిన వాటికి చుక్క పెట్టండి. రాకర్లు లేస్తున్నాయేమో పట్టి చూడండి. కవర్ కింది కార్కు గాస్కెట్ ఎండిపోయి ఉంటే మార్చండి, పైనున్న రెండు నట్లు అతిగా బిగించకండి. ఆరో పాఠంలో ముందు చక్రాల కింగ్‌పిన్‌ల దగ్గరికి వెళ్దాం. గ్రీజ్ గన్, జాకీతో పాటు గట్టి స్టాండ్లు రెండు సిద్ధం చేసుకోండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకూడదు.