లేజర్ బిగించారా? ముందు చాంబర్ చూడండి

పోయిన నెల నా దగ్గర షూటింగ్ నేర్చుకునే ఒకాయన తన పిస్టల్‌కి కొత్తగా లేజర్ సైట్ (గురి పెట్టిన చోట వెలుగు చుక్క వేసే పరికరం) బిగించుకున్నాడు. రాత్రి భోజనాలయ్యాక బావమరిదికి చూపించాలని సరదా పుట్టింది. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగాడు, తూటా ఒకటి ఎగిరి సోఫాలో పడింది. తూటాలుండే మ్యాగజైన్ తీసి బల్ల మీద పెట్టాడు. చెక్క పార్టిషన్ మీద ఎర్ర చుక్క నిలిపి, "చూడు, ఎంత కదలకుండా ఉందో" అంటూ ట్రిగ్గర్ నొక్కాడు. గుండు పార్టిషన్ దాటి పక్క గదిలో మంచం తలవైపు దిగింది. ఆ మంచం మీద పడుకునే పిల్లవాడు అదృష్టం కొద్దీ ఇంకా హాల్లో కార్టూన్ చూస్తున్నాడు. మర్నాడు ఫోన్‌లో ఆయన గొంతు ఇంకా వణుకుతోంది. "తూటా బయటికి రావడం నా కళ్ళతో చూశాను సార్" అని ఒకటే మాట.

చూశాడు, నిజమే. వరస తప్పింది. మ్యాగజైన్ లోపలుండగా స్లైడ్ లాగితే చాంబర్లోని, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గూట్లోని, తూటా బయటికి పోతుంది. స్లైడ్ ముందుకొస్తూ మ్యాగజైన్లోంచి ఇంకోదాన్ని చాంబర్లోకి తోసేస్తుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసినా లోపల ఒకటి ఉండనే ఉంటుంది. మ్యాగజైన్ లేకపోయినా చాలా పిస్టల్స్ పేలతాయి. అందుకే ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్. ఆ తర్వాత స్లైడ్‌ని వెనక్కి ఆపి, చాంబర్లోకి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడమాలి. ఏళ్ళ తరబడి షూటింగ్ చేస్తున్నవాళ్ళు కూడా ఇదే వరసలో పొరపాటు పడడం చూశాను. కొత్తవాళ్ళు భయంతో రెండుసార్లు చూసుకుంటారు, పాతవాళ్ళకే ధీమా.

లేజర్‌కీ దీనికీ సంబంధం ఏమిటంటారా? మామూలు సైట్లున్న పిస్టల్‌ని ఎవరూ పదేపదే తీసి చూడరు. లేజర్ బిగించాక మాత్రం గోడ మీద చుక్క చూడాలని చెయ్యి ఊరుకోదు. పైగా కొన్ని రకాల్లో స్విచ్ గ్రిప్‌లోనే, అంటే పిడిలోనే ఉంటుంది. వెలిగించాలంటే కాల్చేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకోవాలి. అలా పట్టుకోగానే వేలు అలవాటుగా ట్రిగ్గర్ మీదికి జారుతుంది.

ఇక ఎవరికి పనికొస్తుందనే సంగతి. నలభై దాటాక దగ్గరి చూపు మందగించి పిస్టల్ మూతి దగ్గరుండే సైట్ మసకేస్తుంది. అలాంటివాళ్ళకి చుక్క టార్గెట్ మీదే కనిపించడం పెద్ద వరం. కింద పడిపోయో, ఒక పక్కకి ఒరిగో పిస్టల్‌ని కంటి ఎత్తుకి తేలేని స్థితిలో కూడా పనికొస్తుంది. ఎరుపు సరిగా కనపడని వర్ణాంధత్వం ఉంటే ఆకుపచ్చది వాడి చూడాలి. మామూలు కంటికైనా పగటి వెలుగులో ఆకుపచ్చే బాగా కనపడుతుంది. ఎరుపు 635–650 నానోమీటర్ల దగ్గర, ఆకుపచ్చ 520–532 దగ్గర ఉంటాయి. మన కన్ను 555 చుట్టుపక్కల వెలుగునే ఎక్కువ పట్టుకుంటుంది. అయితే ఆకుపచ్చది సాధారణంగా బ్యాటరీ తొందరగా తాగేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కొంచెం దూరం పోతే రెండూ కనపడవు.

పోటీల్లో దిగేవాళ్ళకి దీంతో పనిలేదు. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పిస్టల్ పోటీల్లో ఓపెన్ సైట్లే, అంటే లేజర్ లేని మామూలు సైట్లే వాడాలి.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మేలు ఉంది, తిప్పలూ ఉన్నాయి. ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కించి చుక్కని చూడమంటాను. కుడిచేతివాటం మనిషి గట్టిగా గుంజితే చుక్క కిందికీ ఎడమకీ ఎగురుతుంది. నేను గంట సేపు చెప్పేది అది ఒక్క క్షణంలో చూపిస్తుంది. కానీ నిజం తూటాలతో దిగాక చుక్క వణుకు చూసి టెన్షన్ పడతారు. అది మధ్యకి వచ్చిన క్షణమే కొట్టెయ్యాలని ట్రిగ్గర్‌ని లాగి పారేస్తారు. అందరి చెయ్యీ వణుకుతుంది, మామూలు సైట్లతో మనకు తెలియదంతే. వణకనివ్వండి, మెల్లగా నొక్కండి.

చుక్క పడ్డ చోటే గుండు పడుతుందనుకోకండి. లేజర్ బ్యారెల్‌కి (గుండు వెళ్ళే గొట్టానికి) 3 సెంటీమీటర్లు కింద ఉండి, 10 మీటర్ల దగ్గర రెండూ కలిసేలా పెట్టారనుకుందాం. 5 మీటర్ల దగ్గర గుండు చుక్కకి ఒకటిన్నర సెంటీమీటర్ పైన పడుతుంది. 20 మీటర్ల దగ్గర చుక్కకి 3 సెంటీమీటర్ల కంటే ఎక్కువే కింద పడుతుంది. ఏ దూరానికి పెట్టుకున్నారో గుర్తుంచుకోండి. పిస్టల్ కింద పడితే మళ్ళీ షూటింగ్ రేంజ్‌లో కాల్చి సరిచూసుకోండి.

ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ప్రాక్టీస్ చేస్తారా? తూటాలు వేరే గదిలో ఉండాలి. ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్. ప్రాక్టీస్ మధ్యలో ఫోన్ వచ్చి లేచారా, మళ్ళీ మొదట్నుంచీ చూసుకోండి. పాయింట్ ట్వంటీటూ (చిన్న తూటా వాడే) పిస్టల్స్‌లో చాలావాటికి తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే సూది) చాంబర్ అంచుకి కొట్టుకుని పాడవుతుంది, పేలని డమ్మీ తూటా పెట్టండి. అద్దం ఉన్న వైపు లేజర్ వెయ్యొద్దు, తిరిగొచ్చి కంట్లో పడుతుంది. సైట్ సరిచేయడానికి బ్యారెల్ మూతిలో దూర్చే లేజర్ పరికరం పని అవగానే తీసెయ్యండి. అది మూతిలో ఉండగా కాల్చితే బ్యారెల్ పగిలిపోవచ్చు. లేజర్ వెలగకపోతే ఏం చేస్తారో ముందే తేల్చుకోండి, అందుకే మామూలు సైట్లతో అభ్యాసం మానొద్దు. బ్యాటరీ మార్చేటప్పుడూ ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్. మనిషి మీద చుక్క వెయ్యొద్దు, ఖాళీదైనా సరే. పిల్లి దాని వెంట పరిగెడుతుందని పిల్లికి చూపించొద్దు. చుట్టాలకి చూపించొద్దు. అంతగా సరదాపడితే లేజర్‌ని పిస్టల్ నుంచి విప్పి చేతిలో పెట్టండి.