మడమ వెనక నొప్పికి మెట్టు మీద వ్యాయామం ఎలా చేయాలి?

పాలకొల్లు చుట్టుపక్కల కాలవ గట్ల మీద తెల్లవారుజామున పరుగెత్తే కుర్రాళ్లకు ఏళ్ల తరబడి నేర్పిస్తున్నాను. కానిస్టేబుల్ సెలక్షన్‌లో 1600 మీటర్ల పరుగు ఉందనగానే రోజూ పరుగెత్తే దూరాన్ని నెల తిరక్కుండా రెట్టింపు చేసేస్తారు. ఆ తర్వాత వచ్చే మాట ఒకటే: "మాస్టారూ, మడమ వెనక నరం పట్టేసిందండీ."

అది నరం కాదు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే లావుపాటి తాడు లాంటిది, అకిలిస్ టెండన్ అంటారు. నూనె రాసి మర్దన చేయిస్తారు, నొప్పి బిళ్లలు మింగుతారు, నెల్లాళ్లు పడుకుంటారు. మళ్లీ గట్టెక్కిన మొదటి వారంలోనే నొప్పి తిరిగొస్తుంది. దీనికి నేను చేయించేది మెట్టు మీద మడమ దించే వ్యాయామం. వీడియోలు చూసి చేసేవాళ్లలో ఎక్కువమంది దీన్ని పాడు చేస్తున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది స్వీడన్‌కు చెందిన ఎముకల డాక్టర్ హకన్ ఆల్ఫ్రెడ్‌సన్. ఆయనకే ఈ నొప్పి ఉండేది. ఆపరేషన్ చేయమంటే పై డాక్టర్ ఒప్పుకోలేదు. టెండన్ తెగితే అప్పుడైనా చేయక తప్పదు కదా అని, తెంపుకోవడానికే మెట్టు మీద నొప్పి పుట్టేలా మడమలు దించాడు. తెగలేదు సరికదా, నొప్పే తగ్గింది. 1998లో ఆయన బృందం ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న 15 మంది చేత 12 వారాలు ఇదే చేయిస్తే, అందరూ మునుపటిలా పరుగెత్తగలిగారు. తర్వాత వేరేవాళ్లు చేసిన అధ్యయనాల్లో అందరికీ ఇంత బాగా తగ్గలేదు. అయినా ఆపరేషన్ కంటే ముందు చేయాల్సింది ఇదే.

నొప్పి బిళ్లల గురించి ఒక మాట. పాత నొప్పి ఉన్న టెండన్‌లో సన్నని గొట్టం పెట్టి అదే బృందం పరీక్షించింది. వాపును సూచించే ప్రోస్టాగ్లాండిన్ మామూలుగానే ఉంది, నాడుల్లో సంకేతాలు మోసే గ్లూటమేట్ అనే రసాయనం మాత్రం ఎక్కువగా ఉంది. అంటే నెలల తరబడి ఉన్న నొప్పికి వాపు బిళ్లలు మింగితే లోపలి జబ్బు నయం కాదు.

మొదలుపెట్టే ముందు రెండు చూసుకోండి. పరుగెత్తుతుండగా వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపించి 'టప్' మని శబ్దం వచ్చిందా? అయితే టెండన్ తెగి ఉండొచ్చు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ మధ్య సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడారా? ఆ రకం మందులకు టెండన్ దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. డాక్టర్‌ని అడగకుండా మెట్టెక్కకండి.

కావలసింది ఒక మెట్టు. మన పాత ఇళ్ల వీధి అరుగు మెట్టయితే చాలా బాగుంటుంది. రేవు మెట్ల మీద మాత్రం వద్దు, పాచికి జారతారు. చెప్పులు విప్పండి, వట్టికాళ్లతోనే చేయాలి. పట్టుకోవడానికి గుమ్మమో గోడో ఉండాలి. అంతే.

ఇప్పుడు అసలు పని. రెండు పాదాల ముందుభాగం మెట్టు అంచు మీద పెట్టి, మడమలు గాల్లో ఉంచి, మునివేళ్ల మీద పైకి లేవండి. పైకి లేవడానికి మంచి కాలే సాయం చేయాలి. లేచాక మంచి కాలు ఎత్తేసి, నొప్పి ఉన్న కాలు ఒక్కదాని మీద బరువంతా వేసి మెల్లగా మడమను మెట్టు కిందికి దించండి. కిందికి వచ్చాక మళ్లీ మంచి కాలితోనే లేవాలి.

అందరూ తప్పేది ఇక్కడే. రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే ఒక కుర్రాడు రెండు వారాలు చేశాను, తగ్గలేదన్నాడు. మా అరుగు మీద చేసి చూపించమన్నాను. దించేటప్పుడు మంచి కాలి బొటనవేలు మెట్టుకు ఆనే ఉంది, సగం బరువు దాని మీదే. పైగా బంతిలా టకటకా ఎగురుతున్నాడు. ఆ కాలు ఎత్తించి నిదానంగా దించమంటే అయిదోసారికే పిక్క వణికింది. ఆ వణుకు వచ్చిందంటే బరువు చేరాల్సిన చోటికి చేరినట్టే. మా తాతగారు ధాన్యం కొలిచేటప్పుడు "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టేవారు. ఒక్కసారి దించడానికి ఆ మూడూ పూర్తయ్యేంతసేపు పట్టాలి. పైకి పలకాలి, మనసులో అనుకుంటే తొందరపడతారు.

మోకాలు తిన్నగా ఉంచి 15 సార్లు చొప్పున మూడు విడతలు, మోకాలు కాస్త వంచి మరో మూడు విడతలు. ఉదయం, సాయంత్రం రెండు పూటలా, వారానికి ఏడు రోజులూ, 12 వారాలు. రోజుకు 180 సార్లన్నమాట. మోకాలు వంచినది మానేసేవాళ్లు చాలామంది. లోపలి పిక్క కండరానికి పని పడేది దానితోనే, కాబట్టి మానకండి.

నొప్పి విషయం జాగ్రత్తగా చదవండి. చేసేటప్పుడు కొంత నొప్పి ఉంటుంది, ఉండొచ్చు. ఎంత? సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనిది అనుకుంటే, అయిదు దాటకూడదు. మర్నాడు మంచం దిగి వేసే మొదటి అడుగులో కూడా అయిదు లోపే ఉండాలి. వారం వారానికి నొప్పి, బిగుతు పెరగకూడదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో సిల్బర్నాగెల్ అనే పరిశోధకురాలి బృందం 2007లో పరీక్షించిన కొలమానం ఇది. ఆల్ఫ్రెడ్‌సన్ ఇంతకంటే ఎక్కువ నొప్పినే ఓర్చుకోమన్నారు కానీ, నేను అయిదు దగ్గరే ఆపిస్తాను. నొప్పి లేకుండా చేయాలని మరీ తేలిగ్గా చేసేవాళ్లకూ ఫలితం రాదు.

నొప్పి టెండన్ మధ్యలో కాకుండా మడమ ఎముకకు అతుక్కున్న చోట ఉంటే, మెట్టు కిందికి దించకండి. నేల మీదే నిలబడి మడమ నేలకు ఆనేదాకా దించితే చాలు. అక్కడ నొప్పి ఉండి మెట్టు కిందికి దించిన వాళ్లలో ఒక అధ్యయనంలో మూడో వంతు మందికే తగ్గింది.

నొప్పి లేకుండా చేయగలుగుతున్నారంటే కాలేజీ బ్యాగులో అయిదు కిలోల బియ్యం వేసి వీపుకి తగిలించుకోండి. అదీ తేలికైతే పది కిలోలు. బరువు పెంచకపోతే అక్కడితోనే ఆగిపోతారు.

టెండన్‌కు ముడిసరుకైన కొలాజెన్ అనే ప్రోటీన్ పౌడర్ కొనమంటారా అని అడుగుతారు. 2017లో ఎనిమిది మంది కుర్రాళ్లకు వ్యాయామానికి గంట ముందు విటమిన్ సి కలిపిన 15 గ్రాముల జెలటిన్ (కొలాజెన్ నుంచి తీసేది) ఇస్తే, కొలాజెన్ తయారీ సూచిక రక్తంలో రెట్టింపయింది. నొప్పి తగ్గిందని మాత్రం అందులో తేలలేదు. ఆ డబ్బుతో రోజూ రెండు కోడిగుడ్లు, వారానికి రెండుసార్లు చేపల కూర తినండి.

పరుగు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గట్టు బాగా ఆరిన రోజు చూసుకోండి. తడి నల్లమట్టిలో మడమ దిగబడి టెండన్ లాగేస్తుంది. మొదటి రోజు కాసేపు పరుగు, కాసేపు నడక, మొత్తం ఇరవై నిమిషాలు చాలు. మర్నాడు పొద్దున్న మంచం దిగి వేసే మొదటి అడుగు ఎలా ఉందో చూసుకున్నాకే ఆ వారంలో ఎన్ని రోజులు పరుగెత్తాలో తేల్చుకోండి.