కొత్త స్పిన్-ఆఫ్‌కి డివైడ్ టాక్ వస్తే రేటింగులు ఎలా చదవాలి

పేరున్న సైన్స్ ఫిక్షన్ సిరీస్ నుంచి స్పిన్-ఆఫ్ (అదే కథాప్రపంచంలో నడిచే కొత్త సిరీస్) వస్తే మొదటి రోజే టాక్ రెండుగా చీలుతుంది. 2024 జూన్ 4న అమెరికాలో మొదలైన స్టార్ వార్స్ సిరీస్ ‘ది అకొలైట్’నే చూడండి. రివ్యూలను పోగేసి స్కోరు చూపే రాటెన్ టొమాటోస్ సైట్‌లో విమర్శకుల స్కోరు 70 శాతం పైన, ప్రేక్షకుల స్కోరు 20 శాతం లోపు. ఎనిమిది ఎపిసోడ్లతో ఆ సిరీస్ ఆగిపోయింది. ఇంత తేడా ఉన్నప్పుడు ఏదో ఒక అంకె పట్టుకుని చూడాలా వద్దా తేల్చుకోకండి.

ముందుగా, ఆ శాతం మార్కులు కాదు. నూటికి ఎంతమంది విమర్శకులు ‘బాగుంది’ వైపు ఉన్నారో చెప్పే లెక్క. అందరూ పదికి ఆరిచ్చి పర్లేదన్నా 100 శాతం పడుతుంది. పైగా విడుదలకు ముందే రాసే విమర్శకులకు చాలాసార్లు మొదటి కొన్ని ఎపిసోడ్లే చూపిస్తారు. ప్రేక్షకుల వైపు 5 స్టార్లకి 3.5, ఆపైన ఇచ్చినవాళ్లనే మెచ్చినవాళ్లుగా లెక్కేస్తారు. 3 ఇచ్చినవాళ్లూ, అర స్టార్ ఇచ్చినవాళ్లూ అక్కడ ఒకటే.

ప్రేక్షకులు పదికి ఇన్నని ఓట్లేసే ఐఎండీబీ సైట్‌లో రేటింగ్ మీద నొక్కితే 1 నుంచి 10 దాకా ఎవరెన్ని ఓట్లేశారో బార్లు కనిపిస్తాయి. అసలు సంగతి అక్కడుంది. వంద ఓట్లలో 40 మంది 10, 35 మంది 1, మిగతా 25 మంది 7 వేశారనుకోండి: సగటు 6.1. వందమందీ 6 వేస్తే సగటు 6. అంకెలు దాదాపు ఒకటే, కానీ మొదటిది గొడవ, రెండోది యావరేజ్ బొమ్మ. బార్లు రెండు చివర్లా లేచి మధ్యలో పడిపోతే ఓట్లలో కథ మీద కోపం కంటే ఫ్రాంచైజీ మీద ప్రేమ, పంతం ఎక్కువున్నాయని అనుమానించాలి. 7, 8 దగ్గర గుట్టలా ఉంటే ఆ సగటును నమ్మొచ్చు. ఓటింగ్ అసహజంగా ఉందనిపిస్తే ఐఎండీబీ లెక్కకట్టే పద్ధతి మార్చి, ఆ మాట పేజీలోనే చెబుతుంది. అదీ గమనించండి.

తర్వాత ఎపిసోడ్ల వారీ రేటింగులు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. నచ్చనివాళ్లు మధ్యలో మానేస్తారు కాబట్టి చివరి ఎపిసోడ్లకు ఓటేసేది ఎక్కువగా అభిమానులే. రేటింగ్ దానంతటదే పెరుగుతుంది. అందుకే ఓట్ల సంఖ్యను కూడా పక్కపక్కనే పెట్టి చూడండి. ఓట్లు సగానికి పడి రేటింగ్ కాస్త పెరిగితే దానికి పెద్ద విలువ లేదు. ఓట్లు నిలబడి, లేదా పెరిగి, రేటింగ్ కూడా ఎక్కితే సిరీస్ నిజంగా పుంజుకున్నట్టే.

మరో స్టార్ వార్స్ సిరీస్ ‘ఆండోర్’ అలా పుంజుకున్నదే. 2022 సెప్టెంబర్ 21న మూడు ఎపిసోడ్లు ఒకేసారి వదిలారు. మొదటి రెండూ నత్తనడకని విసుక్కున్నారు; జైలు కథ ముగిసే పదో ఎపిసోడ్ రేటింగ్ 9 దాటింది. ఆ సీజన్‌లో కథ ఎక్కువగా మూడేసి ఎపిసోడ్ల ముక్కలుగా నడుస్తుంది. కాబట్టి ఒక్కటి చూసి తీర్పివ్వడం అన్యాయం, ముక్క పూర్తయ్యాకే చెప్పాలి.

ఐఎండీబీలో రివ్యూలు చదివేటప్పుడు స్టార్ల ఫిల్టర్ పెట్టి 4 నుంచి 7 మధ్యవే తీయండి. వాటిలోనే కారణాలు దొరుకుతాయి. సీన్, డైలాగ్, పాత్ర పేరు చెప్పి విమర్శించినవాళ్లు సిరీస్ చూసినట్టే లెక్క. ‘బాల్యం నాశనం చేశారు’ అని ఆపేసినవి, ఎపిసోడ్ రాకముందు ట్రైలర్ చూసి రాసినవి వదిలేయండి. అయితే ‘పాత సిరీస్‌లో చెప్పినదానికి ఇది విరుద్ధం’ అనే ఫిర్యాదును తేలిగ్గా కొట్టిపారేయొద్దు. ఏళ్ల తరబడి ఆ ప్రపంచాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ల బాధ అది. ఏ విషయం, ఎక్కడ విరుద్ధమో చెప్పారా అన్నదే చూడండి. మీరు పాతది చూడకపోతే ఆ ఫిర్యాదు మీకు అడ్డం కాదు.

స్పాయిలర్ల జాగ్రత్త కూడా కావాలి. అకొలైట్ ఎపిసోడ్లు అమెరికా పసిఫిక్ టైమ్‌లో మంగళవారం సాయంత్రం 6కి వచ్చేవి, అంటే మనకు బుధవారం ఉదయం 6.30. మధ్యాహ్నానికల్లా రివ్యూలు నిండిపోతాయి. అలాంటి సిరీస్ ఫాలో అవుతుంటే బుధవారం రాత్రి ఎపిసోడ్ చూసేదాకా బార్లు మాత్రమే చూడండి, రివ్యూలు తెరవకండి.