కారు సీట్లు బయట ఉన్నంతసేపూ తాళం మీ జేబులోనే

పోయిన ఆదివారం మా పక్క అపార్ట్‌మెంట్‌లో జరిగింది. ఒకాయన ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు కొని, ఐసుతో సహా కవరు వెనక సీటు ముందు కింద పెట్టి తెచ్చాడు. కవరు కారింది. ఆ నీళ్లు ముందు సీటు కింది కార్పెట్‌లోకి దిగిపోయాయి. మూడో రోజుకి కారు తలుపు తీస్తే కడుపులో తిప్పేసే వాసన. వీడియో ఒకటి చూసి ముందు సీట్లు రెండూ విప్పేశాడు. అక్కడిదాకా తప్పేమీ లేదు, వాసన అంత లోతుకి దిగితే విప్పాల్సిందే.

కార్పెట్ కడుగుతుండగా సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మింది, చినుకులు మొదలయ్యాయి. అద్దాలు నాలుగూ దించి ఉన్నాయి. గబగబా తాళం పెట్టి తిప్పి అద్దాలు ఎత్తేశాడు. ఐదు సెకన్ల పని. సాయంత్రం సీట్లు బిగించాక మీటరులో ఎర్రగా ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి, ఇక ఆరలేదు.

"ఏటవుద్దిలే అన్నయ్యా, బండి నడుస్తోంది కదా" అన్నాడు నాతో.

నేను చూసిన వాళ్లలో పదికి ఎనిమిది మంది చేసే తప్పు ఇదే. సీటు బయట ఉండగా తాళం తిప్పడం. పాటల కోసం ఒకరు, అద్దాల కోసం ఒకరు, బండి కాస్త నీడకి జరుపుదామని ఇంకొకరు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు కంప్యూటరు తన వైర్లన్నీ సరిచూసుకుంటుంది. సీటు కింది కనెక్టర్ ఊడి ఉంటే తప్పు నమోదు చేసుకుంటుంది. తర్వాత కనెక్టర్ పెట్టేసినా చాలా కార్లలో స్కానర్ పెట్టి చెరిపితే తప్ప లైటు పోదు. ఆ లైటు వెలుగుతున్నంతకాలం గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. బండి నడవడానికీ దీనికీ సంబంధమే లేదు.

"మాది చిన్న కారు, సీటు కింద ఏముంటుంది" అనకండి. 2019 జులై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగుతో పాటు ముందు రెండు సీట్లకీ బెల్టు అలారం తప్పనిసరి. అంటే సీటు కింద వైరు ఉంటుంది. సైడ్ ఎయిర్‌బ్యాగు ఉన్న కారైతే, ఆ బ్యాగు సీటు వీపులోనే, తలుపు వైపు కుట్టు కింద ఉంటుంది. పసుపు రంగు కనెక్టర్ దానిదే.

విప్పే వరుస ఇది. ముందు అద్దాలు ఎత్తేయండి (మా పొరుగాయన ఇదొక్కటి చేసి ఉంటే ఈ గొడవే లేదు). సీటు ముందుకి జరిపి వెనక బోల్టులు, వెనక్కి జరిపి ముందు బోల్టులు వదులు చేసి, సీటుని అది జరిగే ఇనుప పట్టా మధ్యకి తెచ్చి ఆపండి. మోటారు సీటైతే ఇదంతా బ్యాటరీ ఉండగానే కావాలి, తర్వాత అది కదలదు. అప్పుడు తాళం తీసి జేబులో వేసుకుని, బ్యాటరీ నెగిటివ్ టెర్మినల్ విప్పి, అది మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టండి. వెంటనే సీటు కిందకి చెయ్యి పెట్టకండి. బ్యాటరీ తీసినా ఎయిర్‌బ్యాగు కంప్యూటరులో కాస్త కరెంటు నిలవ ఉంటుంది. ఎంతసేపు ఆగాలో కారు పుస్తకంలో ఉంటుంది. నేనైతే పావుగంట ఆగుతాను, టీ తాగి వస్తాను. ఆ తర్వాతే పసుపు కనెక్టర్.

సీటుని ఇద్దరు పట్టుకుని ఎత్తండి. బయటికి తీసేటప్పుడు పట్టాల కొసలు తలుపు గడప మీద గీతలు పెడతాయి, పాత దుప్పటి పరవండి. బయట ఉన్న సీటుకి జరిపే లివరు నొక్కకండి. రెండు పట్టాలూ ఒకదానికొకటి తప్పితే బోల్టు రంధ్రాలు కలవవు, అప్పుడు తెలుస్తుంది బాధ.

ఆరబెట్టడం గురించి మన విశాఖలో వేరే చెప్పాలి. సముద్రపు తేమకి కార్పెట్ పైన ఒక్క పూటలో ఆరినట్టే ఉంటుంది, కింద దళసరి ఫెల్ట్ మాత్రం పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. జ్ఞానాపురం వైపు వాన నీళ్లలో ఇరుక్కున్న కార్లలో ఈ ఫెల్టే బూజు పట్టి, కింది రేకు తుప్పు పట్టేది. కార్పెట్ అంచు ఎత్తి కింద ఫ్యాన్ పెట్టండి, రెండు మూడు రోజులు పడుతుంది. టిష్యూ కాగితం గట్టిగా నొక్కి చూడండి, తడి అంటకపోతేనే సీటు పెట్టండి.

ఇక మిగతావి.

కారులోపల ప్రెషర్ వాషర్ వద్దు.

సీటు వీపు పక్కన, ఎయిర్‌బ్యాగు గుర్తు ఉన్నచోట, నీళ్లు పోయకండి, ఆవిరి కొట్టకండి. తడిగుడ్డతో తుడవండి, చాలు.

పసుపు కనెక్టర్‌కి మల్టీమీటరు పెట్టకండి. ఆ చిన్న కరెంటుకి కూడా బ్యాగు పేలొచ్చు.

తీసిన సీటు దగ్గర పిల్లల్ని ఆడనివ్వకండి.

బెల్టుకి బ్లీచింగ్ వద్దు. మామూలు సబ్బు నీళ్లే.

వెనక సీటు కింద ఆరెంజ్ రంగు కేబుల్ కనిపిస్తే పానా కింద పెట్టి వచ్చేయండి. అది హై వోల్టేజ్.

సీటు బిగించకుండా "పెట్రోలు బంకుదాకేగా" అని నడపకండి. చాలా కార్లలో బెల్టు బకిల్ సీటుకే ఉంటుంది, సీటు కదిలితే బెల్టూ లేనట్టే.

బోల్టు ముందు చేత్తో తిప్పి ఎక్కించండి. చివర బిగింపు టార్క్ రించితో (ఎంత బిగించామో కొలిచే పానా), సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న లెక్కకి. సీటు పట్టా కూర్చునే గూడులో రూపాయి బిళ్ల ఉండిపోయిందేమో చూడండి, ఉంటే సీటు సరిగ్గా కూర్చోదు.

కనెక్టర్లన్నీ టక్కుమనేదాకా పెట్టాకే బ్యాటరీ. బ్యాటరీ పెట్టాకే తాళం. ఆ మొదటిసారి సీట్లో కూర్చోకుండా, బయట నిలబడి, చెయ్యి మాత్రం లోపల పెట్టి తిప్పండి. ఎర్ర లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఆరకపోతే ఆ రోజే స్కానింగ్‌కి తీసుకెళ్లండి. లైటు మీద టేపు అంటించే మెకానిక్ దగ్గరకి కాదు.

ఇంకోసారి చెబుతున్నా, సీటు బయట ఉందంటే తాళం జేబులో. వాన వచ్చినా సరే. తడిస్తే మళ్లీ ఆరబెట్టుకోవచ్చు.