పెళ్లయి ఇద్దరూ జర్మనీ చదువుకి వెళ్తుంటే

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు, కొత్త మరదలు వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి సూట్‌కేసుతో సహా వచ్చారు. ఇద్దరికీ ఒకే ఊళ్లో ఎమ్మెస్ సీటు వచ్చింది. "అక్కా, ఏది ఉంచాలో ఏది తీసేయాలో నువ్వే చూడు" అన్నాడు వాడు. తెరిస్తే పైనే అల్యూమినియం కుక్కర్, దాని కింద మాడుగుల హల్వా డబ్బాలు నాలుగు. పెళ్లి సర్టిఫికెట్ ఏదిరా అంటే ఇంకా రిజిస్టరే చేయించుకోలేదట! నేనూ మా ఆయనా జర్మనీలో మాగ్డెబర్గ్ అనే ఊళ్లో చదువుకుంటూ కాపురం చేసిన రెండున్నరేళ్ల అగచాట్లన్నీ ఆ పూట వాళ్లకి ఏకరువు పెట్టాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితాలు. బ్లాక్డ్ అకౌంట్ గురించి, అంటే అక్కడి ఖర్చులకి డబ్బుందని వీసాకి చూపించే ఖాతా గురించి, కన్సల్టెన్సీ వాళ్లు ఎలాగూ చెబుతారు. ఇప్పుడు ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, అందులోంచి నెలకు 992 చేతికొస్తాయి. ఇద్దరూ స్టూడెంట్ వీసా మీదే వెళ్తుంటే ఎవరిది వాళ్లు చూపించుకోవాలి. కన్సల్టెన్సీ వాళ్లు పెద్దగా పట్టించుకోనిది పెళ్లి సర్టిఫికెట్. "మాకు విడివిడిగా వీసా వస్తోంది కదా, దాంతో పనేంటి" అనుకోకండి. జంటలకిచ్చే హాస్టల్ ఫ్లాటుకి అడుగుతారు. ఇద్దరిలో ఒకరికి ఆదాయం లేకపోతే రెండోవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమాలోనే కుటుంబ సభ్యులుగా ఉచితంగా చేరొచ్చు, దానికీ అదే కావాలి. నెలనెలా వందకు పైగా యూరోలు మిగులుతాయి మరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి రిజిస్టర్ చేయించుకోండి. సర్టిఫికెట్‌లో స్పెల్లింగు, పాస్‌పోర్టులో స్పెల్లింగు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఆ కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకోండి.

దిగాక రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. ఇంటి ఓనరు ఇచ్చే కాగితంలో ఇద్దరి పేర్లూ ఉండాలి.

ఇక పోస్టు డబ్బా. నవ్వకండి, మాకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది. అక్కడ బ్యాంకు కార్డు, దాని పిన్ను, బీమా కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. అడ్రస్‌లో మనలాగా ఫ్లాట్ నంబరు రాయరు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీదున్న ఇంటిపేరు చూసి వేస్తాడు, ఆ పేరు లేకపోతే వెనక్కి పంపేస్తాడు. మన వైపు పెళ్లయినా చాలామంది ఆడవాళ్లకి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, నాదీ అంతే. మేం డబ్బా మీద మా ఆయన ఇంటిపేరొక్కటే అంటించాం. ఆయనకి రోజూ ఉత్తరాలే, నాకు మూడు వారాలు ఒక్కటీ లేదు. బ్యాంకుకి వెళ్లి అడిగితే కార్డు తిరిగొచ్చేసిందన్నారు. తాళాలు చేతికొచ్చిన రోజే ఇద్దరి ఇంటిపేర్లూ డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా అంటించండి.

ఆ ఉత్తరాల్లోనే రేడియో, టీవీ రుసుము కట్టమని ఒకటి వస్తుంది. నెలకు 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాల్సిందే, కానీ అది ఇంటికి ఒక్కటే, మనిషికొకటి కాదు. రెండోవాళ్ల పేరున కూడా ఉత్తరం వస్తే కంగారుపడి కట్టేయకుండా, మొదటివాళ్లు ఆ రుసుము కడుతున్న ఖాతా నంబరు రాసి జవాబు పంపండి చాలు.

సామాను. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. ఇండక్షన్‌కి పనికొచ్చే స్టీలు కుక్కర్, మూడు లీటర్లది, ఇక్కడే జగదాంబ జంక్షన్ దగ్గర కొనేసుకోండి. ఏ రకం పొయ్యి ఉన్నా దాని మీద నడుస్తుంది. గుండ్రటి అడుగున్న పోపు గరిటె అక్కడి చదును పొయ్యి మీద నిలవదు, పక్కకి ఒరిగిపోతుంది. చదును అడుగున్న చిన్న మూకుడు పట్టుకెళ్లండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడానికి యూరప్ ఒప్పుకోదు. అంటే అమ్మ కాచిచ్చిన నెయ్యి సీసా కూడా వద్దు. హల్వాలో ఉన్నదంతా నెయ్యే కాబట్టి ఆ నాలుగు డబ్బాలూ మా ఇంట్లోనే ఉండిపోయాయి. పచ్చి కరివేపాకుకి కూడా సర్టిఫికెట్ కావాలి, పొడి చేసుకుని తీసుకెళ్లండి. విచిత్రమేంటంటే చేపలకి మాత్రం 20 కేజీల దాకా అనుమతి ఉంది. అలాగని ఎండు నెత్తళ్లు కట్టుకెళ్లకండి. నేను కట్టుకెళ్లాను. ఒకసారి వేయించాను. ఆ తర్వాత నెల రోజులు మెట్ల మీద పక్కింటావిడకి ఎదురుపడాలంటే మొహం చెల్లలేదు.

పోపు గురించి ఇంకో మాట. పడుకునే గదిలో పొగ అలారం ఉంటుంది, ఒంటి గది ఇల్లయితే అది మంచానికీ పొయ్యికీ కలిపి నెత్తి మీదే. ఎండుమిర్చి మాడిందంటే అది మొదలెడుతుంది. ముందు కిటికీ తెరవండి, తర్వాతే నూనె పెట్టండి.

ఆ కిటికీ మాట చలికాలంలో కూడా వర్తిస్తుంది. ఇది కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే మాకు ఇంటి డిపాజిట్‌లో 300 యూరోలు కోశారు. మన వైజాగ్ ఉక్కపోతలో కూడా గోడలకి బూజు పట్టడం చూస్తూనే ఉంటాం కదా. అక్కడ గోడ చల్లగా ఉంటుంది, గదిలో గాలి వెచ్చగా ఉంటుంది. పప్పు ఉడికిన ఆవిరి, గదిలోనే ఆరేసిన బట్టల తడి, ఇద్దరి ఊపిరి అన్నీ వెళ్లి ఆ చల్లటి మూల నీరై కూర్చుంటాయి. చలికి భయపడి మేం డిసెంబరంతా కిటికీలు బిగించేశాం. ఫిబ్రవరిలో బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి మచ్చలు. రోజుకి మూడుసార్లు, ఐదు నిమిషాలు, హీటర్ ఆపేసి కిటికీలు పూర్తిగా బార్లా తెరవండి. కిటికీ పైభాగం మాత్రం కొంచెం లోపలికి వాల్చి వదిలేస్తే గది చల్లబడుతుందే గానీ తడి పోదు. బీరువాకీ గోడకీ మధ్య బెత్తెడు సందు ఉంచండి.

ఇంటి పని సంగతి. ఇద్దరూ స్టూడెంట్లే, ఇల్లు చూసుకోవడానికంటూ మూడో మనిషి లేరు. మాకు మొదటి సెమిస్టర్‌లో వంట నాదే అయింది, ఎలా అయిందో తెలియదు. రెండో సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోయాక తెలిసింది. అప్పుడు ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. ఎవరి పరీక్షకి వారం ఉంటే వాళ్లు ఆ వారం పొయ్యి ముట్టుకోకూడదు. ఆదివారం దుకాణాలు మూస్తారు కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వెనక్కిచ్చి, కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ సీసాకి 25 సెంట్ల చొప్పున తీసుకోవడం కూడా అప్పుడే. పార్ట్‌టైం ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ, 280 సగం రోజులు గానీ చేయొచ్చు. డబ్బులొస్తున్నాయి కదా అని ఇద్దరూ ఒకేసారి నైట్ షిఫ్టులు పెట్టుకోకండి, వారానికోసారి కూడా మొహాలు చూసుకోరు.

ఇక గొడవలంటారా, వస్తాయి. అలిగి కూర్చోవడానికి అక్కడ వేరే గది ఉండదు, పుట్టిల్లు ఏడు వేల కిలోమీటర్లు. మేం కోపమొస్తే ఒకరు లైబ్రరీకో ఎల్బే నది ఒడ్డుకో వెళ్లిపోయేవాళ్లం, ఆకలేసినప్పుడు తిరిగొచ్చేవాళ్లం. అన్నట్టు అక్కడ డబుల్ కాట్ మీద కూడా ఎవరి దుప్పటి వాళ్లదే. మా మరదలు ఈ మాట విని "భలే ఉంది వదినా" అంది, మా తమ్ముడు మాత్రం ఏమీ అనలేదు.

ఫోన్లు సాయంత్రం పెట్టుకోకండి. చలికాలంలో మనం నాలుగున్నర గంటలు ముందుంటాం, మార్చి చివరి ఆదివారం నుంచి మూడున్నర. అక్కడ క్లాసు అయ్యి ఇంటికొచ్చేసరికి ఇక్కడ పెద్దవాళ్లు నిద్రపోతారు. నేను పొద్దున్న ఏడున్నరకి ట్రామ్ ఎక్కగానే చేసేదాన్ని, ఇక్కడ పన్నెండు, అమ్మ అన్నం వార్చే టైము. డిసెంబరులో వీడియోలో నా వెనక అంతా నల్లగా కనిపించేది. "ఏటే, ఇంకా తెల్లారలేదా మీకు?" అనేది.